గింజ బరువు నుంచి ముంపును తట్టుకునే వరి దాకా

మెండెల్ 1866లో ప్రకటించిన బఠానీ ప్రయోగాల్లో మొక్క పొడుగైనా కావాలి, పొట్టిదైనా కావాలి. గింజ బరువు, పాల దిగుబడి వంటివి మాత్రం అలా రెండు తెగలుగా విడిపోక, కనిష్ఠం నుంచి గరిష్ఠం వరకు సన్నని తేడాలతో పరుచుకుని ఉంటాయి. కొలిచి మాత్రమే చెప్పగలిగే ఇటువంటి వాటిని పరిమాణాత్మక లక్షణాలంటారు. ఇవి మెండెల్ సూత్రాలకు లొంగుతాయా అన్న చర్చ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో ఇంగ్లండులో మెండెల్ పక్షాన నిలిచిన బేట్సన్, దాన్ని ఒప్పుకోని పియర్సన్ వర్గాల మధ్య వైరంగా ముదిరింది. చిన్న ప్రభావం గల అనేక జన్యువులు కలిస్తే అటువంటి ఎడతెగని వైవిధ్యం దానంతటదే ఏర్పడుతుందని గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1918లో గణితంతో చూపాడు గాని, ఆ జన్యువులు క్రోమోజోముల మీద ఎక్కడున్నాయో ఆయన సమీకరణాలు చెప్పలేవు.

ఆ ప్రశ్నకు తొలి జవాబు 1923లో, అమెరికాలో కార్ల్ సాక్స్ పెంచిన బీన్స్ మొక్కల్లో దొరికింది. రంగు గల పెద్ద గింజల రకాన్ని తెల్లని చిన్న గింజల రకంతో సంకరపరచి, రెండో తరం మొక్కలను రంగు జన్యువును బట్టి మూడు గుంపులు చేసి, ఆయన గింజలను తూచాడు. ఆ జన్యువు రెండు ప్రతులూ ఉన్న మొక్కల గింజ సగటున 307 మిల్లీగ్రాములు, ఒక ప్రతి ఉన్నవాటిది 283, అసలు లేనివాటిది 264 తూగాయి. రంగు జన్యువుకు పొరుగున, అదే క్రోమోజోము మీద బరువును నిర్ణయించే జన్యువేదో ఉండి, రెండూ కలిసి తరం నుంచి తరానికి వస్తున్నాయని దీన్నిబట్టి తేలింది. కంటికి కనబడేదాన్ని గుర్తుగా పెట్టుకుని కనబడనిదాని చోటు పట్టే ఈ తర్కం, ఇంత తేటగా ఉండి కూడా, ఆరు దశాబ్దాల పాటు పెద్దగా ముందుకు సాగలేదు. ఏ పంటలోనైనా అటువంటి గుర్తులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండటం అందుకు కారణం.

డీఎన్‌ఏలోని తేడాలనే గుర్తులుగా వాడవచ్చని బాట్‌స్టైన్ బృందం 1980లో ప్రతిపాదించాక ఆ కరవు తీరింది. 1988లో పాటర్సన్, టాంక్స్‌లీ తదితరులు టమాటాలో పండు బరువుకు సంబంధించిన ఆరు స్థానాలను గుర్తించగా, మరుసటి ఏడు లాండర్, బాట్‌స్టైన్ రెండు గుర్తుల నడుమ జాగాను సైతం గణాంకాలతో గాలించే పద్ధతిని అందించారు.

ఈ వెతుకులాట పొలానికి ఎలా చేరిందో వరిలో చూడవచ్చు. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ (ఎంటీయూ 7029) తూర్పు భారతమంతటా పాకింది గాని, వరదనీట రోజుల తరబడి మునిగితే బతికేది కాదు. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఎ అనే వరి దాదాపు రెండు వారాల ముంపును తట్టుకునేది. ఈ శక్తిలోని తేడాల్లో సుమారు 70 శాతం తొమ్మిదో క్రోమోజోములోని ఒకే స్థానం వల్ల వస్తున్నదని కెనాంగ్ షూ, డేవిడ్ మాకిల్ 1996లో చూపి, దానికి సబ్1 అని పేరు పెట్టారు. ఇది అరుదైన అదృష్టం. దిగుబడి వంటి లక్షణాల్లో ఒక్కొక్కటీ స్వల్పంగా పనిచేసే స్థానాలు ఎన్నో ఉండి, నేలను బట్టీ కాలాన్ని బట్టీ వాటి బలం మారుతుంటుంది. నీట మునిగిన వరి సాధారణంగా గాలి కోసం సాగి, నిల్వ పిండిపదార్థాన్ని ఖర్చుచేసుకుంటుంది; 2006లో బయటపడిన సబ్1ఎ జన్యువు ఆ సాగుదలను ఆపి, నీరు తీశాక తిరిగి చిగురించేందుకు ఆ నిల్వను మిగులుస్తుంది. స్వర్ణను సబ్1 గల వరితో సంకరపరచి, ఆ సంకర మొక్కలను మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ గుర్తులతో ఏరి, సబ్1 ఉన్న ఆ ఒక్క ముక్కను స్వర్ణలోకి తెచ్చిన స్వర్ణ-సబ్1 భారతదేశంలో 2009లో విడుదలైంది; ముంపు రాని ఏడు దాని దిగుబడి, గింజ తీరు స్వర్ణకు తీసిపోవు.