కొండవారి రాళ్ళు, మాటలు



అరకు మన్యమున గదబలు, శ్రీకాకుళపుఁ గొండలయందు సవరలు చిరకాలముగా నివసించుచున్నారు. గుతోబు గదబల భాషయు, సవర భాషయు తెలుఁగునకు జ్ఞాతులు కావు. అవి ముండా శాఖకుఁ జెందినవి. వాని దూరపు దాయాది మేఘాలయ పర్వతములపైఁ బలుకు ఖాసీ భాష.

ఖాసీలలో వంశము తల్లినిబట్టి నడచును. తల్లిసొత్తు కడగొట్టు కుమార్తెకుఁ జెందును. మన కొండలలో వంశము తండ్రిదే. అయినను మృతులను స్మరించుటలోఁ బోలిక కన్పట్టును. ఖాసీలు పూర్వులకై నిలువురాళ్ళను, పలకరాళ్ళను నిలిపిరి. పలకరాళ్ళపై బాటసారులు విశ్రమించెడివారు. సవరలు మృతునకు రాయి పాతి దున్నను బలియిచ్చెడివారు. పూనకమందిన పూజారిణి నోట మృతుఁడు తన బాధ చెప్పుకొనఁగా బంధువులు బదులు పలికెడివారు. గదబల యూరి నడుమ మృతుల రాళ్ళే పెద్దలు కూర్చుండు రచ్చబండ. ఈ పోలికకు భాషయే కారణమని నేను నిశ్చయింపను.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి సవర భాష నేర్చిరి. వారి సవర వ్యాకరణము 1931లో, నిఘంటువు 1938లో వెలువడినవి. నేనును ఉపాధ్యాయుఁడనే. ఒకనాఁడు తరగతిలో సవర బాలుఁడు తన భాషలో బదులు చెప్పఁగా పిల్లలు నవ్విరి; నేనును నవ్వితిని. వాఁ డామీఁద నా యెదుట నామాట పలుకలేదు.

రాయి వేయేండ్లు నిలుచును. మాట యొక్క తరము మౌనము వహించిన నశించును. పెద్దలారా, సంతకు దిగివచ్చు కొండవారి పలుకునకు నవ్వకుఁడు. అర్థ మడిగి తెలిసికొనుఁడు.