కొయ్య దిమ్మె చెప్పిన తూటా వేగం

తుపాకీ గొట్టం నుంచి వెలువడిన తూటా ఎంత వేగంతో పోతుంది? 1740ల దాకా ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు లేదు. పాతిక అడుగులు దాటడానికి తూటాకు సెకనులో అరవయ్యో వంతు కూడా పట్టదు. అంత చిన్న వ్యవధిని లెక్కపెట్టే గడియారం ఆనాడు ఎక్కడుంది? అలాంటి కాలంలో బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు తూటాకు అడ్డంగా ఓ బరువైన కొయ్య దిమ్మెను వేలాడదీసి, తూటా వేగం తేల్చాడు. 1742లో వచ్చిన ఆయన పుస్తకం ‘న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ’లో ఆ ప్రయోగమంతా ఉంది. యుద్ధమే వద్దనే క్వేకర్ల ఇంట 1707లో పుట్టిన మనిషి ఫిరంగుల శాస్త్రానికి పునాది వేయడం విశేషం.

రాబిన్స్ చేతిలో ఉన్న అసలు ఆయుధం ద్రవ్యవేగం. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ఈ రాశి తిన్నగా ఏమీ కుదురుకోలేదు. చలనం మొత్తం నశించదని దెకార్త్ 1644లో రాశాడు, కానీ దిశను లెక్కలోకి తీసుకోలేదు. ఫలితంగా ఆయన నియమాల్లో ఒకటి తలకిందులైంది: చిన్న వస్తువు ఎంత వేగంగా వచ్చి గుద్దినా, నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువు కదలదట! 1668లో లండన్ రాయల్ సొసైటీ ఈ చిక్కు విప్పమని కోరితే వాలిస్, రెన్, హైగెన్స్ ముగ్గురూ సమాధానాలు పంపారు. ఢీకొన్నాక అతుక్కుపోయే వస్తువుల సంగతి వాలిస్ తేల్చాడు. ఎదురు దిశకు రుణ సంకేతం పెడితే లెక్క సరిపోయింది. 1687లో న్యూటన్ ‘ప్రిన్సిపియా’లో దీనికి స్థిరమైన చోటు దొరికింది.

రాబిన్స్ లోలకాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మూడు కాళ్ళ స్టాండు నుంచి ఇనప లోలకం వేలాడుతుంటుంది. దాని అడుగున వెడల్పాటి పలక, ఆ పలకకు బిగించిన మందపాటి కొయ్య. మొత్తం బరువు 56 పౌన్ల పైమాట. తూటా బరువు పౌనులో పన్నెండో వంతు. కింద కట్టిన రిబ్బను రెండు ఉక్కు అంచుల మధ్య నుంచి జారుతుంది. దిమ్మె ఎంత ఊగితే రిబ్బను అంత బయటికొస్తుంది. తుపాకీ పేల్చి, దిమ్మె వెనక్కి ఊగాక రిబ్బను కొలుచుకోవడమే. ఒక ప్రయోగంలో అది పదిహేడుంపావు అంగుళాలు వచ్చింది.

తూటా కంటే దిమ్మె దాదాపు 670 రెట్లు బరువు. తూటా అందులో దిగబడి ఆగిపోతే దాని ద్రవ్యవేగమంతా రెంటిదీ అవుతుంది కాబట్టి వేగం 670 రెట్లు తగ్గుతుంది. సెకనుకు 1,640 అడుగులు కాస్తా స్థూలంగా రెండున్నర అడుగులవుతుంది. రెండున్నర అడుగుల వేగాన్ని ఎవరైనా కొలవగలరు! తూటా తగిలిన చోటుకు, లోలకం గురుత్వ కేంద్రానికి తగ్గ సవరణలు చేసుకుని రాబిన్స్ రిబ్బను పొడవు నుంచి వెనక్కి లెక్క కట్టాడు.

ఇక్కడే మన విద్యార్థులు చాలామంది తడబడతారు. దిమ్మె ఎంత ఎత్తుకు లేచిందో చూసి గతిజ శక్తి తెలుసుకోవచ్చు, అది నిజం. ఆ శక్తినే తూటా మొదటి శక్తితో సమానం చేస్తే మాత్రం తూటా వేగం సెకనుకు అరవై అడుగుల చిల్లర వస్తుంది. చేత్తో విసిరిన రాయి కూడా ఆ వేగంతో పోతుంది. మిగతా శక్తి ఏమైనట్టు? కొయ్యను చీల్చడంలో, వేడిలో పోయింది. 670 పాళ్ళలో ఒక్క పాలే ఊపుగా మిగిలింది. ద్రవ్యవేగం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ తాకిడి ఎంత తీవ్రమైందో చూడండి. తూటా ఐదంగుళాల లోతున ఆగిందనుకుంటే, దానికి పట్టే సమయం సెకనులో సుమారు రెండువేలో వంతు. ఆ క్షణంలో కొయ్య చూపే సగటు బలం దాదాపు నాలుగు టన్నుల బరువుకు సమానం. కొయ్య మెత్తనిదైతే బలం తగ్గుతుంది, సమయం పెరుగుతుంది. రెంటి లబ్ధం, అంటే ప్రచోదనం, మారదు. అందుకే కొయ్య లోపల ఏం జరిగిందో రాబిన్స్‌కు తెలియనక్కర్లేకపోయింది. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే.

తర్వాత ఆయన దిమ్మెను దూరం జరుపుతూ కాల్చాడు. 25 అడుగుల దగ్గర 1,670 అడుగులున్న వేగం 75 అడుగుల దగ్గర 1,550కి, 125 దగ్గర 1,425కి పడిపోయింది. అంటే గాలి ఆ తూటాను దాని బరువుకు 120 రెట్ల బలంతో అడ్డుకుంటోందన్నమాట. గాలి లేకపోతే 16 మైళ్ళు పోవలసింది మైలు కూడా పోదు. గుండు పరావలయ మార్గంలో పోతుందన్న గెలీలియో మాటను నమ్ముకున్న ఫిరంగి నిపుణులకు ఇది పెద్ద దెబ్బ. ఆయిలర్ అంతటి గణితజ్ఞుడు 1745లో ఈ పుస్తకాన్ని జర్మన్‌లోకి తెచ్చి, సుదీర్ఘ వ్యాఖ్యానం జోడించాడు. మరుసటి ఏడాది రాబిన్స్‌కు రాయల్ సొసైటీ కోప్లీ పతకం దక్కింది.

ఆయన చివరి రోజులు మన పక్కనే, కోరమండల్ తీరాన గడిచాయి. ఫ్రెంచివాళ్ళ నుంచి తిరిగి చేతికొచ్చిన చెన్నపట్నం కోటను బాగుచేయడానికి ఈస్టిండియా కంపెనీ ఆయన్ను ప్రధాన ఇంజినీరుగా నియమించింది. 1750లో వచ్చాడు. ఏడాదికే జ్వరాలతో చిక్కిపోయి, 1751 జూలై 29న కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. వయసు 44.

ఆయన లోలకాన్ని చార్లెస్ హట్టన్ 1770ల్లో ఫిరంగి గుండ్లకు సరిపడేలా పెంచి, తనూ కోప్లీ పతకం అందుకున్నాడు. ఇంటర్ పిల్లలు నేటికీ కొయ్య దిమ్మెలో దిగబడే తూటా లెక్క చేస్తూనే ఉన్నారు. ఆ లెక్క పక్కన రాబిన్స్ పేరు, 1742 అనే సంవత్సరం ఒక్క వరుసలోనైనా అచ్చువేయాలని పాఠ్యపుస్తకాలు రాసేవారిని కోరుతున్నాను.