గ్యారా బజ్ కర్ దస్ మినిట్

మా అబ్బా ఐరాలలో దర్జీ. నలభై ఏళ్లు చాక్‌ముక్కతో గుడ్డ మీద చంక వంపులు, మెడ గుండ్రాలు గీసిన చేయి ఆయనది. చిత్తూరులో ఒక డాక్టరు ఆ చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి, "గడియారం గీయండి, పదకొండూ పది చూపించండి" అన్నారు. అబ్బా గుండ్రం చక్కగానే గీశారు. అంకెలన్నీ కుడివైపే కుక్కేశారు. చిన్న ముల్లు పదకొండు మీద, పెద్ద ముల్లు పది మీద పెట్టారు.

అంతకు కొన్నేళ్ల ముందు మా నానీ కూడా ఇలాంటి కాగితం మీద ఓడిపోయింది. ఆమె గుండ్రమైనా గీయలేదు. పెన్సిలును అగరుబత్తీ పట్టినట్టు పట్టుకుని కూర్చుంది. ఇంట్లో అందరూ ఏడ్చారు.

తారీఖ్ అంటే తెలుగులో తేదీ, ఉర్దూలో చరిత్ర. ఈ బొమ్మ తారీఖ్ ఏమిటో చూద్దామనిపించింది.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో అల్జీమర్ అనే డాక్టరు ఆగస్టె అనే రోగిని తన పేరు రాయమన్నాడు. ఆమె పూర్తి చేయలేకపోయింది. కాగితం మీద ఆగిపోయిన చేతిని చూసి జెహన్ సంగతి తెలుసుకోవడం అప్పటికే ఉందన్నమాట. మొదటి ప్రపంచయుద్ధంలో తలకు గాయమై మాట దెబ్బతిన్న సైనికులకు లండన్‌లో హెన్రీ హెడ్ పెట్టిన పరీక్షల్లో గడియారమూ ఉంది. ఆయన పుస్తకం 1926లో వచ్చింది. 1975లో అమెరికాలో తయారైన చిన్న పరీక్షలో ఒకదానిపై ఒకటి పడిన రెండు పంచభుజాలను చూసి గీయమన్నారు. 1986లో కెనడాలో షుల్‌మన్, ఆయన సహచరులు బుజుర్గుల కోసం గడియారం బొమ్మకు మార్కులు వేసే పద్ధతి రాశారు.

పదకొండూ పదే ఎందుకు? "పది" అని వినగానే చేయి పది అంకె వైపు లాగుతుంది. ఆ లాగుడును ఆపుకొని, పది నిమిషాలంటే రెండు దగ్గర అని లెక్క మార్చుకోవాలి. జబ్బు తగిలిన మెదడుకు ఆ ఆపుకోవడమే కష్టం. అబ్బా ముల్లు అక్కడే చిక్కుకుంది.

మరి నానీ? ఆమె బడి మెట్టు ఎక్కలేదు. ఆమె గడియారం అజానే. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పరిశోధకులకు ఎదురైంది ఇలాంటి నానీలే. అక్కడివారి కోసం మార్చిన హిందీ పరీక్ష 1995లో అచ్చయింది. "ఒక వాక్యం రాయండి" అనే చోట "మీ ఇంటి గురించి ఏదైనా చెప్పండి" అని పెట్టారు. మా నానీని అలా అడిగి ఉంటే, ఏ కోడలు ఏ పండక్కి ఎంత అప్పు తీసుకుందో సహా చెప్పేది. చివరి రోజు వరకూ ఒక్క రకాత్ లెక్క తప్పలేదు.

మన ఇళ్లకు సంబంధించిన మాట హైదరాబాద్ నిమ్స్ నుంచి 2013లో వచ్చింది. సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసింది. వారిలో 391 మంది ఒకటి కన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. వాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనకు ఇది ఖుషీ కబురే. కానీ ఆలస్యం అంటే రాకపోవడం కాదు. మా అబ్బాకూ రెండు భాషలూ వచ్చు.

నహల్ సూరాలో అర్జలిల్ ఉమర్ ప్రస్తావన ఉంది: అన్నీ తెలిసినవాడు ఏమీ తెలియనివాడయ్యే వయసు. ప్రవక్త (స) దాని నుంచి పనాహ్ కోరేవారు. మనమేమో "బుఢాపా కదా" అని నవ్వి ఊరుకుంటాం. అబ్బా ఒకే కమీజుకు మూడుసార్లు కొలతలు తీసిన రోజు మేమూ నవ్వాం. రెండేళ్లు అలాగే పోయాయి.

ఒక్క బొమ్మతో జబ్బు తేలిపోదు. బి12 లోపం, థైరాయిడ్, దిగులు కూడా యాద్‌ను చెరుపుతాయి, వాటికి ఇలాజ్ ఉంది. అందుకే డాక్టరుకు చూపించండి. కాగితం ఇచ్చే ముందు, ఆ చేయి ఇన్నేళ్లూ ఏం పని చేసిందో కూడా చెప్పండి. గీయడం రాని నానీ చేయి వేరు, గీయడం మరిచిన అబ్బా చేయి వేరు.