విపత్తు వేళ పెంపుడు జంతువుల రక్షణ

తుపాను, వరద, భూకంపం, కార్చిచ్చు, యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఇళ్లలో పెంచుకునే కుక్కలను, పిల్లులను, పక్షులను కాపాడి, కొంతకాలం నీడ కల్పించి, తిరిగి యజమానులకు అప్పగించే పని ఇది. చాలాకాలం దీన్ని జంతు సంక్షేమ సంఘాలు, ఇరుగుపొరుగువారు తమ దయకొద్దీ చేశారు. ప్రభుత్వాల బాధ్యతగా చట్టంలోకి ఎక్కింది మాత్రం 21వ శతాబ్దంలోనే. జంతువుల మీద జాలితో పాటు, వాటిని వదిలి రాలేక మనుషులూ ప్రాణాలు పోగొట్టుకుంటున్నారన్న గ్రహింపు ఆ మార్పు తెచ్చింది.

ఈ చరిత్రలో తొలి పెద్ద ఘట్టం చాలా విషాదకరమైనది. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్న 1939లో, వైమానిక దాడులు జరిగితే జంతువులను ఏం చేయాలో చూడడానికి బ్రిటన్‌లో ఒక జాతీయ సంఘం ఏర్పడింది. జంతువులను ముందుగానే పల్లెలకు పంపాలని, అది కుదరకపోతే నొప్పి తెలియకుండా చంపించడమే మేలని అది కరపత్రం పంచింది. సెప్టెంబరు 3న యుద్ధ ప్రకటన వెలువడగానే లండన్ పశువైద్యశాలల ముందు జనం కుక్కలతో, పిల్లులతో బారులు తీరారు. కొద్ది రోజుల్లోనే లక్షల జంతువులు చనిపోయాయి. మొత్తం 7.5 లక్షల దాకా ఉంటాయని ఒక అంచనా. అప్పటికి లండన్ మీద ఒక్క బాంబూ పడలేదు. తిండి కరవవుతుందన్న భయం, ప్రజా ఆశ్రయాల్లోకి జంతువులను రానివ్వరన్న ఆందోళన కలిసి ఇంత పని చేయించాయి. అదే లండన్‌లో బాటర్‌సీ శునకాశ్రయం మాత్రం తలుపులు మూయకుండా యుద్ధకాలమంతా కలిపి సుమారు 1.45 లక్షల కుక్కలను ఆదుకుంది. పేదల జంతువులకు ఉచిత వైద్యం చేసే పీడీఎస్‌ఏ సంస్థ బృందాలు బాంబుదాడుల్లో కూలిన ఇళ్ల శిథిలాలను గాలించాయి. అలాంటి ఒక బృందంతో తిరిగిన బ్యూటీ అనే టెర్రియర్ కుక్క 63 జంతువుల జాడ పట్టింది. 1945లో దానికి, యుద్ధంలో జంతువుల సాహసానికి ఇచ్చే డికిన్ పతకం దక్కింది.

యుద్ధం ముగిశాక కూడా ఈ విషయంలో ప్రభుత్వాల ధోరణి పెద్దగా మారలేదు. 1986 ఏప్రిల్ 27న చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత ప్రిప్యాట్ పట్టణాన్ని ఖాళీ చేయించినప్పుడు, కొద్ది రోజుల్లో వెనక్కి రావచ్చని నమ్మి జనం పెంపుడు జంతువులను అక్కడే వదిలేసి బస్సులెక్కారు. బొచ్చుకు పట్టిన అణుధార్మిక ధూళి బయటికి పాకుతుందని తర్వాత వాటిని కాల్చి చంపించారు.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను లూసియానా తీరాన్ని తాకింది. వరద గట్లు తెగి న్యూ ఆర్లియన్స్‌లో అత్యధిక భాగం నీట మునిగింది. స్థానిక జంతు సంరక్షణ సంస్థ తన ఆశ్రయంలోని 263 జంతువులను తుపానుకు ముందే హ్యూస్టన్‌కు తరలించింది. ఊళ్లో జనానికి అలాంటి వెసులుబాటు లేకపోయింది. సహాయక పడవలు, బస్సులు చాలావరకు జంతువులను ఎక్కించుకోలేదు. జనం తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియం నుంచి తరలిస్తున్నప్పుడు ఒక పిల్లవాడి చేతిలోంచి పోలీసు అతని చిన్న కుక్కను తీసేసుకోగా, ఆ బిడ్డ వాంతి చేసుకునేదాకా ఏడ్చాడన్న వార్త దేశమంతటినీ కదిలించింది.

గాలింపు బృందాలు ఇంటింటికీ వెళ్లి, ఏ ఇంట్లో ఎన్ని కుక్కలున్నాయో, తిండీ నీళ్లూ పెట్టారో లేదో గోడల మీద స్ప్రే పెయింట్‌తో రాసి వెళ్లేవి. దొరికినవాటిని గొంజాలెస్ పట్టణంలోని లమార్-డిక్సన్ ప్రదర్శనశాలకు చేర్చేవారు. గుర్రాల కోసం కట్టిన శాలల్లో కుక్కలను ఉంచి, ఫొటో తీసి, నంబరు వేసి, ఏ చిరునామాలో దొరికిందో రాసుకునేవారు. ఈ చివరి పనే చాలా విలువైనది. చిరునామా నమోదు కాని జంతువు యజమాని దగ్గరికి తిరిగి చేరడం దాదాపు అసాధ్యమైంది. రక్షించినవి సుమారు 15 వేలని అంచనా. వాటిలో చాలావాటిని ఇతర రాష్ట్రాల కుటుంబాలు దత్తత తీసుకోగా, నెలల తర్వాత అసలు యజమానులు వెతుక్కుంటూ రావడంతో తగాదాలు కోర్టులదాకా వెళ్లాయి. ఉన్నదంతా పోగొట్టుకున్న పేదలకు మిగిలిన ఆ ఒక్క తోడూ దక్కకపోవడం ఈ ఉదంతంలో అన్నిటికన్నా బాధాకరం.

తుపాను సమయంలో ఇల్లు వదలనివారిలో 44 శాతం మంది, పెంపుడు జంతువును వదిలి రాలేకపోవడం తమ కారణాల్లో ఒకటని 2006లో ఒక సర్వేలో చెప్పారు. అదే ఏడాది అక్టోబరు 6న అధ్యక్షుడు జార్జ్ బుష్ ‘పెట్స్’ చట్టంపై సంతకం చేశారు. ప్రతినిధుల సభ సభ్యులు టామ్ లాంటోస్, క్రిస్టఫర్ షేస్ దీన్ని ప్రతిపాదించారు. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు తమ విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకు, దివ్యాంగులకు తోడుండే సేవా జంతువులకు చోటు కల్పించాలన్నది దీని సారాంశం. తుపాను వేళ ప్రతి హోటలూ కుక్కలను చేర్చుకోవాలని ఈ చట్టం చెబుతోందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. దీని అమలులో వాడే పెంపుడు జంతువుల నిర్వచనంలోకి పశువులు, గుర్రాలు, చేపలు, పాములు రావు.

జపాన్ 2011 మార్చి నాటి ఫుకుషిమా ప్రమాదం నుంచి పాఠం నేర్చింది. అణుకేంద్రం చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో ఇళ్లు ఖాళీ చేసినవారి జంతువులెన్నో ఆకలితో మాడిపోయాయి. పెంపుడు జంతువులతో కలిసే తరలి వెళ్లాలని 2013లో అక్కడి పర్యావరణ శాఖ మార్గదర్శకాలిచ్చింది. కలిసి తరలడమంటే ఆశ్రయంలో ఒకే గదిలో ఉండడమని కాదని 2018లో వివరించింది. అలెర్జీ ఉన్నవారు, చిన్నపిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి ఆ మాట చెప్పక తప్పలేదు.

భారతదేశంలో విపత్తు సాయం ఎక్కువగా పాడి పశువుల చుట్టూ తిరిగింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మనుషులతో పాటు లెక్కలేనన్ని పశువులు కొట్టుకుపోయాయి. తుపాను హెచ్చరిక రాగానే కొట్టంలోని పశువుల పలుపులు విప్పి వదలాలని పశుసంవర్ధక శాఖ చెబుతుంది. కట్టేసి ఉన్న గేదె నీరు మెడదాకా వచ్చినా కదలలేదు, విప్పి ఉంటే ఈది మెరకకు చేరుతుంది. ఇంటి కుక్కకూ ఇదే వర్తిస్తుంది. గొలుసుతో కట్టి వెళ్లడమంత ప్రమాదం మరొకటి లేదు. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో త్రిశ్శూరులో ఒక మహిళ, తన 25 కుక్కలను కూడా తీసుకెళ్తేనే పడవ ఎక్కుతానని పట్టుబట్టి వాటన్నిటినీ కాపాడుకున్నారు.

రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల (2022–26) ప్రకారం పాడి గేదె లేదా ఆవు చనిపోతే రూ.37,500, మేక లేదా గొర్రె చనిపోతే రూ.4,000 సాయం అందుతుంది. కుక్కా పిల్లీ ఆ జాబితాలో లేవు. సరైన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పుల పాలుచేసేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. పునరావాస కేంద్రం గుమ్మం దగ్గరికి కుక్కతో వచ్చిన కుటుంబాన్ని ఎక్కడ ఉంచాలో ఆ చట్టమూ చెప్పదు, ఈ నిబంధనలూ చెప్పవు.