బాలబాలికలకు బ్యాంకుల కథ

ధనచరిత్రమును బోధించువారు గవ్వలతో నారంభింతురు. మేమట్లు చేయక, 1906 అక్టోబరున చెన్నపట్టణమందు ఆర్బత్‌నాట్ కంపెనీ కూలిన కథనే ముందు చెప్పుచుంటిమి. ప్రజలు దాచుకొన్న సొమ్ము దూరదేశ వ్యాపారములపాలై, వేలాది కుటుంబములు మునిగెను. యజమాని సర్ జార్జికి కారాగారశిక్ష పడెను; దానివలన పోయిన సొమ్ము వచ్చునా?

ఆ దుఃఖమునుండియే వి. కృష్ణస్వామయ్యరు ప్రభృతులు 1907లో ఇండియన్ బ్యాంకును స్థాపించిరి. మన తెలుగునాట 1923లో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరున లక్షరూపాయల మూలధనముతో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. 2020లో నది యూనియన్ బ్యాంకున విలీనమయ్యెను. ఆ పేరును నేటి పసివాండ్రు ఎరుగకుండుట మాకు కష్టముగా నున్నది.

"మనమిచ్చిన సొమ్ము బ్యాంకు పెట్టెలోనే యుండునా?" అని యొక బాలుడు మమ్మడిగెను. ఉండదు నాయనా, చాలవరకు పరులకు అప్పుగా పోవును. ఆర్బత్‌నాట్ కథను ముందు చెప్పినది అందులకే.