మారిషస్ ద్వీపములో చూడదగినవి

మారిషస్ ద్వీపమునకు పోయి వచ్చినవారు సాధారణముగా మూడు విషయములు చెప్పుదురు. పగడపు దిబ్బల లోపల గాజుపలకవలె నిలిచియుండు సముద్రజలము ఒకటి. తెల్లని ఇసుక తీరము రెండవది. షామరెల్ గ్రామమునొద్ద ఏడు రంగులలో కనబడు మట్టిదిబ్బలు మూడవది. ఇవి మూడును చూడదగినవే. కాని వీనిని చూచి మరలివచ్చినవారు ప్రకృతి చేసినదానిని మాత్రమే చూచిరి. మనుష్యులు చేసినదానిని చూడలేదు. ఆ రెండవదానిని గూర్చి ఈ ప్రసంగములో కొంత ముచ్చటింప దలచితిమి.

ఆఫ్రికా తీరమునకు దూరముగా, మడగాస్కరుకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున, అగ్నిపర్వతములు పైకి నెట్టిన నల్లరాతి నేల ఇది. ప్రధాన ద్వీప వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. మన జిల్లాలలో ఒక చిన్న జిల్లాకు సరిపోవును. ఇచ్చట ఆదిమవాసులు లేరు. అరబ్బు నావికులకు, పోర్చుగీసువారికి దీని జాడ తెలియునుగాని వారు కాపురముండలేదు. 1598లో డచ్చివారు దిగి తమ రాకుమారుడైన మారిస్ పేరు దీనికి పెట్టిరి. 1638లో వారి తొలి వలస నెలకొన్నది.

ఆనాడు ఈ దీవిలో డోడో అను పక్షి యుండెను. ఎగురనేరదు. మనుష్యుని చూచి పారిపోవలెనని కూడ ఎరుగదు. డచ్చివారు దిగిన నూరేండ్లలోపల అది లేకుండపోయినది. వేట కొంత కారణము. ఓడలతో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు నేలమీది గ్రుడ్లను తినివేయుట అంతకంటె పెద్ద కారణము. 1865లో ఆగ్నేయ తీరమునొద్ద ఒక చిత్తడి నేలలో దాని యెముకలు దొరకినవి. రాజధానియైన పోర్ట్ లూయీలోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో డోడో అస్థిపంజరమును చూడవచ్చును. ద్వీప చరిత్రములో మొదటి అధ్యాయము అదియే.

డచ్చివారు 1710లో విడిచిపోగా, 1715లో ఫ్రెంచివారు ప్రవేశించి ఇల్ ద ఫ్రాంస్ అని పేరు మార్చిరి. 1735లో గవర్నరుగా వచ్చిన లాబూర్దొనె పోర్ట్ లూయీని రేవు పట్టణముగా తీర్చెను. 1746లో ఈ దీవినుండి నౌకలు నడిపించి వచ్చి మద్రాసు కోటను పట్టుకొన్నవాడు ఇతడే. ఇతని విగ్రహము నేటికిని పోర్ట్ లూయీ రేవునకు అభిముఖముగా నిలిచియున్నది. ఆ రేవును, కోటలను, బాటలను కట్టినవారికి విగ్రహములు లేవు. వారు మడగాస్కరు నుండియు, తూర్పు ఆఫ్రికా నుండియు కొని తెచ్చిన బానిసలు. పుదుచ్చేరి ప్రాంతమునుండి రప్పింపబడిన చేతిపనివారును వారితో కలిసి పనిచేసిరి.

పట్టణమునకు ఉత్తరమున పాంప్లెమూస్ తోట కలదు. మొదట లాబూర్దొనె నివాసమునకు కూరగాయలిచ్చిన ఈ తోటను పియేర్ పువావ్ర్ అను ఫ్రెంచి అధికారి వృక్షశాస్త్ర వనముగా పెంచెను. జాజికాయ, లవంగము అప్పుడు డచ్చివారి గుత్తసొత్తు. వాని మొక్కలను 1770 ప్రాంతమున మొలక్కా దీవులనుండి రహస్యముగా తెప్పించి ఇచ్చట నాటించెను. నేడు చూడబోయినవారు పళ్లెములవలె అంచులెత్తిన పెద్ద కలువ ఆకుల కొలనును చూచి ఆనందింతురు. ఆ కొలనుతోపాటు శ్రీతాళవృక్షములను కూడ చూడవలెను. ఎన్నో ఏండ్లు పెరిగి, జీవితమున ఒక్కమారే పూచి, కాయలు రాలగానే ఎండిపోవు చెట్టు అది. మన పెద్దలు దాని ఆకులమీద గ్రంథములు వ్రాసికొనిరి.

1810లో ఆంగ్లేయులు ద్వీపమును గెలిచి పాత పేరును మరల పెట్టిరి. 1835లో బానిసత్వము చట్టరీత్యా రద్దయినది. నష్టపరిహారము యజమానులకు ముట్టినది. బానిసలకు ఏమియు ముట్టలేదు.

నైరుతి మూలను సముద్రములోనికి చొచ్చుకొని నిలిచిన లె మోర్న్ కొండ ఎత్తు 556 మీటర్లు. ఫ్రెంచివారి కాలమునుండియు యజమానులనుండి పారిపోయిన బానిసలు దాని గుహలలో, శిఖరముమీద దాగియుండెడివారు. విముక్తి వార్త చెప్పుటకు వచ్చిన రక్షకభటులను చూచి, మరల పట్టుకొనిపోవ వచ్చిరని భయపడి వారు కొండకొననుండి దూకి ప్రాణములు విడిచిరని అచ్చటి జనులు చెప్పుకొందురు. ఆ కథకు వ్రాతమూలక మైన సాక్ష్యము ఉన్నను లేకున్నను, స్వేచ్ఛ వచ్చినదని చెప్పినను నమ్మలేనంతగా ఒక జాతిని బాధించినారన్నది అందులోని సత్యము. 2008లో ఆ కొండ ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. దాని పాదమున విలాసమైన విడిదులు కలవు. ఈతకొట్టువారు తలయెత్తి చూచినచో కొండ కనబడును.

బానిసలు పోయినను చెరకు తోటలు మిగిలినవి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడ 36 మంది భారతీయ కూలీలను పోర్ట్ లూయీలో దింపెను. నెలకు అయిదు రూపాయలు కూలి, అయిదేండ్ల ఒప్పందము. తరువాత కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులనుండి ఓడలు వరుసగా వచ్చినవి. 20వ శతాబ్దపు తొలి దశకములవరకు సుమారు నాలుగున్నర లక్షలమంది ఈ రేవులో దిగిరి. 1849లో కట్టిన వలస డిపోలో కొన్ని గదులు, ఒక ద్వారము, సముద్రమునుండి పైకెక్కు పదునారు రాతిమెట్లు ఇంకను నిలిచియున్నవి. పూర్వము కూలీ ఘాట్ అనబడిన ఈ స్థలమే నేడు ఆప్రవాసీ ఘాట్. ఇది 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. పదునారు మెట్లెక్కుటకు ఒక నిమిషము చాలును. అందువలననే కాబోలు, అనేకులు దీనిని దాటి అంగళ్లవైపు పోవుదురు.

ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ల కూలి కోయు ఆచారము తోటలలో ఉండెను. 1867 చట్టము ప్రకారము ఒప్పందము తీరిన కూలీ సైతము తన ఛాయాచిత్రము అతికించిన పత్రము లేనిదే వీధిలో తిరుగరాదు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్స్ అను తోట నిర్వాహకుడు 9,401 మంది కూలీల అర్జీని ప్రభుత్వమునకు పంపగా, మరుసటి యేట రాజవిచారణ సంఘము వచ్చినది. చెరకు పొలములలో పోవునపుడు నల్లరాళ్ల గుట్టలు కనబడును. అవి కొండలు కావు. నేలను సేద్యమునకు తెచ్చుటకు మనుష్యులు చేతులతో ఏరి పేర్చిన రాళ్లు.

ఆ మెట్లెక్కినవారిలో మనవారు ఉన్నారు. గోదావరీ ముఖమునొద్ద కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 తుపానులో అది ధ్వంసమై, ఇసుకమేటలు వేసి క్షీణించినది. కాని ఆ పేరు సముద్రము దాటినది. మారిషస్‌లో ఆంధ్రులను ‘కోరంగీలు’ అని పిలిచిరి. వారి సంతతివారు ఇంటిలో క్రియోల్ పలుకుదురు. అయినను సింహాద్రి అప్పన్నను కొలుతురు. దీపము చుట్టు తిరుగుచు రామభజనము చేయుదురు. అమ్మోరి పండుగ జరుపుదురు. ఉగాది అచ్చట ప్రభుత్వపు సెలవుదినము. 1947లో వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి.

మోకా పట్టణములోని మహాత్మాగాంధీ సంస్థలో వలస రిజిష్టర్లు భద్రముగా కలవు. పేరు, తండ్రి పేరు, ఓడ, ఊరు వానిలో వ్రాయబడియున్నవి. కొన్నింటికి ఛాయాచిత్రములును కలవు. తెలుగు తెలియని గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసికొన్న ఊరిపేరును పట్టుకొని, ముత్తాత గ్రామమును వెదకుచు వచ్చువారు ఉందురు. అట్టివారు మన వాకిట నిలిచి అడిగినప్పుడు, ఆ పేరు ఏ యూరిదో చెప్పగలవారము మనమే.

ద్వీపము నడుమ గ్రాన్ బాసేఁ అను సరస్సు ఉన్నది. అగ్నిపర్వత ముఖమున నీరు నిండి ఏర్పడినది. దానిని గంగా తలావ్ అని పిలిచి, శివరాత్రికి కావడులు మోసికొని వేలకొలది జనులు నడచి పోవుదురు. 1972లో గోముఖమునుండి తెచ్చిన గంగాజలమును అందులో కలిపిరి. స్వదేశమునకు పోలేనివారు స్వదేశపు నదిని తమయొద్దకు రప్పించుకొనిరి.

చివరకు పోర్ట్ లూయీలోని షాం ద మార్స్ మైదానమునకు పోవుదము. ఫ్రెంచి సేనలు కవాతు చేసిన ఆ స్థలమున 1812 నుండి గుఱ్ఱపు పందెములు ప్రారంభమైనవి. 1901లో గాంధీజీ దక్షిణాఫ్రికానుండి వచ్చుచు ఈ దీవిలో కొన్ని దినములు ఆగి, పిల్లలను చదివించుడనియు, రాజకీయములలో పాల్గొనుడనియు కూలీ కుటుంబములకు బోధించెను. ఆయన దండియాత్ర మొదలుపెట్టిన మార్చి 12వ తేదీనే, 1968లో, ఆ మైదానమున ఆంగ్లేయుల పతాకము దిగి స్వతంత్ర మారిషస్ పతాకము ఎగిరినది. 1992లో అదే తేదీన అది గణతంత్రమైనది.

మారిషస్‌కు పోవు శ్రోతలకు మా మనవి యొక్కటే. సముద్రమునకు ఎన్ని దినములైనను కేటాయించుడు. ఒక్క ఉదయమును మాత్రము పదునారు మెట్లకు విడిచి పెట్టుడు. పైమెట్టుమీద నిలిచి వెనుకకు తిరిగినచో అదే నీలి సముద్రము కనబడును. ఆ నీటిమీద వచ్చినవారికి అది అందముగా తోచియుండదు.