క్షీరము, తక్రము, పరదేశవాసము



పాలు అమృతతుల్యములని మనము చిన్ననాటి నుండి వినుచున్నాము. మన పిల్లలకును చెప్పుచున్నాము. అయినను నేడు లోకమునందలి పెద్దవారిలో నూటికి సుమారు 65 మందికి పాలలోని చక్కెర పూర్తిగా అరుగదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. దీని వెనుక వేల సంవత్సరముల చరిత్ర కలదు. మన బిడ్డలు చదువులకును కొలువులకును దూరదేశములకు పోయి, అచ్చట పాల వలన ఇబ్బంది పడుచున్న ఈ దినములలో, ఆ చరిత్ర తెలిసిన పెద్దలు ఇంట నుండుట మేలు. కాబట్టి నేడు దానినే మనవి చేయుచున్నాను.

పాలకు తీపినిచ్చు చక్కెరకు లాక్టోజు అని పేరు. ఇది ఒక విధమైన చక్కెరయని 1780లో స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షీలే నిర్ణయించెను. ఒక లీటరు ఆవుపాలలో ఇది 45 మొదలు 50 గ్రాముల వరకు ఉండును. తల్లిపాలలో సుమారు 70 గ్రాములు. చిన్నప్రేగు గోడలలో లాక్టేజు అను ఎంజైము పుట్టి ఈ చక్కెరను రెండుగా విడగొట్టిన గాని అది రక్తమున కలియదు. శైశవమున ఈ ఎంజైము సమృద్ధిగా నుండును. పాలు మాన్పిన పిదప క్రమముగా తగ్గిపోవును. దూడకైనను, మేకపిల్లకైనను, మనుష్యునకైనను ఇదియే ప్రకృతిధర్మము. విడివడని చక్కెర పెద్దప్రేగునకు దిగి నీటిని లాగుకొనును. అచ్చటి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి వాయువును పుట్టించును. కడుపుబ్బరము, నొప్పి, విరేచనములు కలుగుటకు కారణమిదియే.

అట్లయిన ప్రాచీనులు పశువులను పెంచి పాలు పిదికి ఏమి చేసికొనిరి? ఈ ప్రశ్నకు మట్టిపాత్రలే సమాధానము చెప్పినవి. నేటి టర్కీ దేశపు వాయవ్యభాగమున 8 వేల సంవత్సరములకు పైబడిన కుండపెంకులలో పాలకొవ్వు జాడలు దొరకినవి. పోలండు దేశమున సుమారు 7 వేల సంవత్సరముల నాటి చిల్లుల పాత్రలు దొరకినవి. వాటిలోను పాలకొవ్వు అంటియుండుటచే, అవి విరిగిన పాలను వడగట్టి చీజు చేయుటకు వాడినవని 2013లో తేల్చిరి. అయితే పెద్దతనమున పాలను అరిగించుకొను శక్తి ఆ కాలపు జనులలో మిక్కిలి అరుదు. అది ఐరోపాలో వ్యాపించినది ఎన్నియో వేల ఏండ్లకు తరువాతనే. అనగా పాలను పులియబెట్టు విద్య ముందు. పాలను అరిగించుకొను శక్తి వెనుక.

ఇందుకు మంగోలులు మంచి నిదర్శనము. 1253 మొదలు 1255 వరకు వారి దేశమున సంచరించిన రూబ్రక్ విలియం అను క్రైస్తవ సన్న్యాసి, వారు గుఱ్ఱపుపాలను తోలుతిత్తులలో పోసి చిలికి పులియబెట్టి త్రాగుటను విపులముగ వర్ణించెను. నేటికిని ఆ జనులలో అత్యధికులకు లాక్టోజు అరుగదు. అయినను పాడియే వారి జీవనాధారము. మన దేశమునను చరకసంహిత గ్రహణీరోగమునకు తక్రమును శ్రేష్ఠమైన పథ్యముగ విధించినది. ఎంజైము పేరు వారెరుగరు. ఫలమును మాత్రము చక్కగ నెరుగుదురు.

ఇక ఆధునిక వైద్యులు దీనిని చాలకాలము రోగమనియే తలచిరి. పాలు అరుగువారు అధికముగా నున్న దేశములలో పుట్టిన శాస్త్రమగుటచే, తమ దేహధర్మమునే వారు లోకధర్మమనుకొనిరి. 1954లో చేసిన చట్టము ననుసరించి అమెరికా తన మిగులు ఆహారమును బీదదేశములకు పంపుచు, అందు పాలపొడిని విరివిగా పంపెను. దానిని త్రాగిన కొందరికి కడుపు చెడెను. కొలంబియా, గ్వాటిమాలా దేశములలో జనులు ఆ పొడిని గోడలకు వెల్లవేయుటకు వాడిరని కూడ వార్తలు వచ్చెను. 1965, 1966 సంవత్సరములలో బాల్టిమోరు నగరపు వైద్యులు పరీక్షింపగా, ఆరోగ్యవంతులైన ఆఫ్రికా సంతతివారిలో అధికభాగమునకును, ఐరోపా సంతతివారిలో స్వల్పభాగమునకును ఈ ఎంజైము కొరతయున్నట్లు తేలెను. నాటి నుండి అభిప్రాయము తారుమారయ్యెను: పాలు అరుగకుండుట సామాన్యము, అరుగుట విశేషము.

ఆ విశేషమునకు మూలమైన జన్యుభేదమును 2002లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తూర్పు ఆఫ్రికాలోని పశుపాలకులలో అదే శక్తి వేరు భేదముల వలన స్వతంత్రముగా పుట్టినదని 2007లో తెలిసెను. భారతీయులలోనిది మాత్రము ఐరోపావారి భేదమేయని 2011లో నిరూపింపబడెను. అయితే అది దేశమంతట సమానముగ లేదు. 1981లో ప్రకటింపబడిన పరిశోధనలో ఢిల్లీలో పరీక్షింపబడినవారిలో నూటికి సుమారు 27 మందికి లాక్టోజు సరిపడకపోగా, తిరువనంతపురము, పుదుచ్చేరులలో సుమారు 67 మందికి సరిపడలేదు. మనము దాక్షిణాత్యులము, ఈ అంకెలు గుర్తుంచుకొనదగినవి.

అమెరికాలో చదువుచున్న నా మనుమడొకనాడు ఫోనులో, "తాతగారూ, ఇచ్చట పాలు త్రాగిన పూట తరగతిలో కూర్చుండలేకున్నాను. ఇంటివద్ద లేని జబ్బు ఇచ్చట పట్టుకొన్నది" అని వాపోయెను. విచారింపగా జబ్బేమియు కాదు. ఇంటివద్ద వాడు తీసికొన్నది కాఫీలో కొంచెము పాలు, అన్నములో పెరుగు, మజ్జిగ. అచ్చటనో, ఉదయము గిన్నెడు చల్లనిపాలలో అటుకులవంటి పదార్థము, మధ్యాహ్నము పెద్దలోటాడు పాలకాఫీ, రాత్రి ఐస్‌క్రీము. దేహము మారలేదు, భోజనము మారినది.

ఇట్టివారు పాడిని పూర్తిగా విసర్జింపనక్కరలేదు. ఒక గ్లాసు పాలలోనుండు 12 గ్రాముల లాక్టోజును చాలమంది, ఇతర భోజనముతో కలిపి తీసికొనినచో, పెద్ద బాధ లేక సహింపగలరు. తోడువేసిన పెరుగులో సూక్ష్మజీవులు చక్కెరను కొంత తినివేయును. మిగిలినదానిని కడుపులో విడగొట్టుటకును తోడ్పడునని 1984లో పరిశోధకులు చూపిరి. చాలకాలము నిలువయుంచిన గట్టి చీజులోను, నేతిలోను లాక్టోజు నామమాత్రము. లాక్టోజును ముందే విడగొట్టిన పాలు ఆ దేశముల అంగళ్లలో దొరకును. అవి కొంచెము తియ్యగా నుండును. భోజనారంభమున వేసికొను లాక్టేజు మాత్రలును కలవు. రొట్టెలు, బిస్కత్తులు, పులుసుపొడులలో పాలపొడియు, విరిగిన పాలనీటి పొడియు దాగియుండును. కావున పొట్లముపై వ్రాతను చదువవలెను. పాలు తగ్గించినవారు సున్నపుధాతువు కొరకు రాగులు, నువ్వులు, ఆకుకూరలు మరువరాదు.

ఒక హెచ్చరిక. బరువు తగ్గుట, మలమున రక్తము, జ్వరము, రక్తహీనత కనిపించినచో దానిని పాలపై నెట్టి ఊరకుండరాదు, వైద్యునికి చూపవలెను. పాలు తాకగనే దద్దురులు, ఊపిరాడకుండుట కలుగుట వేరు వ్యాధి. అది ప్రాణాంతకము కావచ్చును. అట్టివారికి పెరుగును కూడదు.

కావున పెద్దలారా, దూరదేశముననున్న బిడ్డ పాలు పడుట లేదని చెప్పినచో, "నీకు నాజూకు పెరిగినది" అని మందలింపకుడు; "రోజు రెండు గ్లాసులు త్రాగుము" అని ఒత్తిడి చేయకుడు. అది వాని లోపము కాదు, మానవజాతి పూర్వస్థితి. పెరుగు తోడువేయు విధమును, మజ్జిగ చిలుకు విధమును వానికి నేర్పి పంపుడు. వేల సంవత్సరములుగా మానవుని కాపాడిన ఆ విద్య, ఏ సముద్రము దాటినను వానికి అక్కరకు వచ్చును.